45 డిగ్రీల ఊళ్లో వైన్ దాచొచ్చా? వేల్పూర్ ఇంట్లో బడ్జెట్ సెటప్, లెక్కలతో సహా

మన దగ్గర ప్రతి చౌరస్తాలో ‘వైన్స్’ అని బోర్డు ఉంటుంది. లోపల వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. గట్టిగా అడిగితే పై అరలో, ట్యూబ్‌లైట్ పక్కన నిలబెట్టిన రెండు మూడు బాటిళ్లు దుమ్ముతో సహా చేతిలో పెడతారు. అలా కొన్న వెయ్యి రూపాయల బాటిల్‌ని ఇంట్లో మూడేళ్లో ఐదేళ్లో దాచి, కొన్నరోజు కంటే బాగుండేలా చేయొచ్చా? అది కూడా హైదరాబాద్‌లో ఏసీ ఫ్లాట్‌లో కాదు. ఆర్మూర్ పక్కన వేల్పూర్‌లో, మే నెలలో 45 దాకా కొట్టే ఎండలో.

చేయొచ్చు ఫ్రెండ్స్. కాకపోతే యూట్యూబ్‌లో కనిపించే వైన్ కలెక్షన్ వీడియోలన్నీ ఏ బాటిల్ కొనాలి అనే దగ్గర మొదలవుతాయి. మన వాతావరణంలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న టెంపరేచర్. అది సెట్ చేయకుండా ఐదు వేల బాటిల్ కొన్నా, రెండు ఎండాకాలాల తర్వాత మీ చేతిలో మిగిలేది ఖరీదైన పుల్లనీళ్లే. సెట్ చేశాక వెయ్యి రూపాయల బాటిల్ కూడా మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. అందుకే ఇది గ్యాడ్జెట్ సైట్‌లో రాయాల్సిన టాపిక్కే అని నా ఫీలింగ్.

ముందే ఒక మాట: తెలంగాణలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. నిండనివాళ్లు సెన్సర్, ఫ్రిజ్ భాగం వరకు చదవండి. వేరే ప్రాజెక్టులకు పనికొస్తుంది.

పాతర ఎందుకు పనిచేయదు

నిల్వ పెట్టడం అనేది వేల్పూర్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి, అప్పుడు ధర లేకపోతే బస్తాలు ఇంట్లోనో కోల్డ్ స్టోరేజీలోనో పెట్టి ఎదురుచూడడం మా దిక్కు ప్రతి రైతుకూ తెలిసిన ఆట. ఏ సరుకు ఆగుతుంది, ఏది పుచ్చుతుంది, అద్దె ఎంత, పెరిగే ధర ఆ అద్దెకు సరిపోతుందా అని లెక్క వేసుకుంటారు. వైన్‌కి కూడా అచ్చం ఇదే లెక్క. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మన పాతకాలం టెక్నాలజీ పాతర. జొన్నలు పాతర వేసేవాళ్లు. మహారాష్ట్రలో సాంగ్లీ దగ్గర హరిపూర్‌లో పసుపునే భూమిలో లోతైన పాతరల్లో దాచేవాళ్లు. చీకటి, కదలని వాతావరణం, లోపల ఆక్సిజన్ తక్కువ కాబట్టి పురుగు బతకదు. ఇవన్నీ వైన్‌కి కూడా నచ్చే లక్షణాలే. మరి ఇంటి వెనక గుంత తవ్వి బాటిళ్లు పెట్టేస్తే?

ఇక్కడ ఫిజిక్స్ అడ్డొస్తుంది. నేలలో కొన్ని మీటర్ల లోతుకు వెళ్తే ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు. ఆ ప్రాంతపు వార్షిక సగటు దగ్గరే నిలబడుతుంది. ఫ్రాన్స్‌లో షాంపేన్ ప్రాంతపు సున్నపురాయి సొరంగాల్లో అది 10-12 డిగ్రీలు. మన దగ్గర 27 చుట్టూ. బాయి నీళ్లు ఎండాకాలంలో చల్లగా, చలికాలం పొద్దున గోరువెచ్చగా అనిపించేది ఇందుకే. నీళ్లు మారవు, బయట గాలి మారుతుంది. అంటే మనం ఎంత లోతు తవ్వినా యూరప్ సెల్లార్ రాదు, 27 డిగ్రీల సెల్లార్ వస్తుంది. బీరువా కంటే మేలే, కానీ వైన్‌కి కావాల్సిన 12-15 కంటే చాలా ఎక్కువ. మన ఊళ్లో కంప్రెసర్ లేకుండా ఏజింగ్ లేదు. ఈ ఒక్క పాయింట్ ఒప్పుకుంటే మిగతాదంతా సులువు.

వేడి అసలు ఏం చేస్తుంది

రెడ్ వైన్‌లో వగరు ఉంటుంది కదా, పచ్చి నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేసే వగరు. అది టానిన్. కొత్త వైన్‌లో ఇది గరుకుగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి, ఇంకా రంగు పదార్థాలతో కలిసి పెద్ద అణువులు అవుతాయి. కొన్ని మడ్డిలా అడుక్కి దిగుతాయి. ఊదారంగు ఇటుకరంగులోకి మారుతుంది. తాజా పండ్ల వాసన తగ్గి ఎండుఫలాలు, తోలు, పొగాకు లాంటి వాసనలు పైకి వస్తాయి. బిరడా గుండా ఏడాదికి చాలా కొద్దిగా ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది. వైన్‌లో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ దాన్ని ఎదుర్కొంటూ నెమ్మదిగా ఖర్చయిపోతుంది.

ఆవకాయతో పోలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఏడాది ఆగాల్సిన ఆవకాయ మొదటి వారం ఉప్పగా, ఘాటుగా, ముక్క గట్టిగా ఉంటుంది. మొదటి రోజే మెత్తగా, కమ్మగా ఉన్నది ఏడాది ఆగదు. వైన్ కూడా అంతే. దాచదగ్గ బాటిల్ ఇప్పుడు తాగితే కాస్త కటువుగానే ఉండాలి.

ఈ రియాక్షన్లన్నీ వేడికి స్పీడ్ అవుతాయి. ఇంజనీరింగ్ ఫస్టియర్ కెమిస్ట్రీలో చదివిన అరీనియస్ సమీకరణమే. మోటుగా చెప్పాలంటే ప్రతి 10 డిగ్రీలకు స్పీడ్ రెట్టింపు. మీ ఫోన్ బ్యాటరీకి కూడా ఇదే రూల్. వాడకుండా పక్కన పెట్టే ఫోన్‌ని సగం చార్జ్‌తో, 32 డిగ్రీల కంటే తక్కువ ఉన్నచోట పెట్టమని ఆపిల్ చెప్పేది ఇందుకే.

ఇప్పుడు లెక్క. 14 డిగ్రీల దగ్గర ఒక ఏడాదిని ‘ఒక వైన్ ఏడాది’ అనుకుందాం. మన ఇంట్లో ఒక మామూలు గది: మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలు సగటున 34, జూలై నుంచి అక్టోబర్, ఆపైన ఫిబ్రవరి కలిపి ఐదు నెలలు 29, మిగతా మూడు చలి నెలలు 24 అనుకోండి. 34 దగ్గర స్పీడ్ 4 రెట్లు, 29 దగ్గర 2.8 రెట్లు, 24 దగ్గర 2 రెట్లు. నెలల ప్రకారం సగటు తీస్తే 3 వస్తుంది. బీరువాలో ఒక ఏడాది అంటే వైన్‌కి మూడేళ్లు!

‘అయితే మంచిదేగా, ఐదేళ్ల పని రెండేళ్లలో అయిపోతుంది’ అంటారా? అక్కడే దెబ్బ. అన్ని రియాక్షన్లూ ఒకే స్పీడ్‌లో పెరగవు. వాసన పోగొట్టేవి, రంగు గోధుమగా మార్చేవి ఎక్కువ ఎగబడతాయి. అన్నం త్వరగా ఉడకాలని మంట రెండింతలు పెడితే అడుగు మాడుతుంది, పైన పలుకుంటుంది. వేడిలో ఏజ్ అయిన వైన్ ఉడికిన కిస్మిస్‌లా ఉంటుంది, మెత్తబడదు.

ఇంకొక సమస్య ప్రెజర్. 20 నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే 750 మి.లీ. వైన్ సుమారు నాలుగున్నర, ఐదు మి.లీ. వ్యాకోచిస్తుంది. బిరడా కింద ఉండే ఖాళీ కూడా దాదాపు అంతే. అందుకే ఎండలో ఉన్న బాటిళ్లలో బిరడా పైకి ఉబుకుతుంది, పక్కనుంచి జిగటగా కారుతుంది. చల్లబడినప్పుడు బయట గాలిని లోపలికి లాగుతుంది. ఒక్క ఎండాకాలం చాలు.

వెలుతురు సంగతి త్వరగా: పారదర్శక గాజులో ఉన్న వైన్‌కి ట్యూబ్‌లైట్, ఎండ తగిలితే ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది. చీకట్లో పెట్టండి, అయిపోయింది. వైబ్రేషన్ గురించి నెట్‌లో చాలా భయపెడతారు. ఫ్రిజ్ కంప్రెసర్ వణుకు గురించి నేనైతే పట్టించుకోను.

వైన్ కూలర్ కొనాలా?

ఆన్‌లైన్‌లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి థర్మోఎలక్ట్రిక్, అంటే పెల్టియర్ చిప్‌తో పనిచేసేది. గేమింగ్ ఫోన్ల వెనక తగిలించే కూలర్ లోపల ఉండేది ఇదే. చప్పుడు ఉండదు, చూడ్డానికి స్టైల్‌గా ఉంటుంది, ధర తక్కువ. కానీ ఇది గది ఉష్ణోగ్రత కంటే సుమారు 15 డిగ్రీలు, మహా అయితే ఇంకొంచెం మాత్రమే తగ్గించగలదు. స్పెక్ షీట్‌లో ‘12 డిగ్రీల వరకు’ అని రాసిన దాని కింద చిన్న అక్షరాల్లో ‘గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు’ అని ఉంటుంది. మన గది 40 ఉన్నప్పుడు లోపల 25. దీన్ని వేల్పూర్‌కి నేను రికమెండ్ చేయను, ఫ్రీగా ఇచ్చినా.

రెండోది కంప్రెసర్ కూలర్. ఇది పనిచేస్తుంది, కానీ వెనక స్టిక్కర్ మీద ‘క్లైమేట్ క్లాస్’ చూడండి. ఎన్ అంటే గది 16 నుంచి 32 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పనిచేసేలా డిజైన్ చేసింది. ఎస్‌టీ అంటే 38 దాకా. టీ అంటే 43 దాకా. మనకి టీ ఉండాల్సిందే. రివ్యూల్లో బాటిళ్ల సంఖ్య, టచ్ ప్యానెల్, నీలిరంగు లైటు గురించి పేజీలు పేజీలు రాస్తారు. ఈ ఒక్క అక్షరం గురించి ఎవరూ రాయరు.

నా ఓటు మాత్రం మూడోదానికి. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్, బయట నుంచి ఒక టెంపరేచర్ కంట్రోలర్.

ఫ్రిజ్‌ని సెల్లార్ చేయడం

మామూలు ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర నడుస్తుంది. ఆ చలికి వైన్ చెడిపోదు గానీ ఎదగదు, పైగా పొడిగాలికి ఏళ్ల తరబడి ఉంటే బిరడా ఎండుతుంది. ఫ్రిజ్ లోపలి థర్మోస్టాట్ 14కి సెట్ అవదు. కాబట్టి ఫ్రిజ్‌కి వెళ్లే కరెంటునే మనం ఆన్, ఆఫ్ చేస్తాం.

దీనికి ఎస్‌టీసీ-1000 అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఏళ్ల నుంచి మార్కెట్‌లో ఉంది. ఫిష్ ట్యాంకుల వాళ్లు, కోడిపిల్లల ఇంక్యుబేటర్ల వాళ్లు వాడేదే. సెట్టింగ్స్ నాలుగే. ఎఫ్1లో కావాల్సిన టెంపరేచర్: 14. ఎఫ్2లో తేడా: 1. ఎఫ్3లో కంప్రెసర్ డిలే: 5 నిమిషాలు. ఇది తగ్గించొద్దు, ఆగిన వెంటనే మళ్లీ స్టార్ట్ అయితే కంప్రెసర్ మీద లోడ్ పడుతుంది. ఎఫ్4 కాలిబ్రేషన్. ఫ్రిజ్ సొంత నాబ్‌ని ఫుల్ కూల్‌లో పెట్టేయాలి, లేకపోతే మన కంట్రోలర్ ఆన్ అన్నా ఫ్రిజ్ వద్దంటుంది. బోర్డు గురించి కాన్ఫిడెన్స్ ఉన్నా 230 వోల్టుల వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, డబ్బాలో పెట్టి మూయించండి. వైరింగే వద్దనుకుంటే ప్లగ్‌లో పెట్టి వాడే రెడీమేడ్ కంట్రోలర్లు కూడా ఉన్నాయి.

చాలామంది వదిలేసే వివరం ఒకటుంది. సెన్సర్ ప్రోబ్‌ని గాలిలో వేలాడదీయొద్దు. ఒక చిన్న బాటిల్‌లో నీళ్లు నింపి అందులో ముంచండి. డోర్ తీసిన ప్రతిసారీ గాలి టెంపరేచర్ గంతులేస్తుంది, వైన్ కదలదు. మనకి కావాల్సింది వైన్ టెంపరేచర్.

లాగింగ్ కోసం ఈఎస్‌పీ32 బోర్డు, డీఎస్18బీ20 వాటర్‌ప్రూఫ్ సెన్సర్ చాలు. సెన్సర్ డేటా వైరుకీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కిలోఓమ్ రెసిస్టర్. ఈ సెన్సర్ మన రేంజ్‌లో అర డిగ్రీ అటూఇటూగా చూపిస్తుంది, అంతకంటే అక్కర్లేదు. పదిహేను నిమిషాలకో రీడింగ్ తీయండి. ఊరికే సగటు చూడొద్దు, అది మోసం చేస్తుంది. ప్రతి రీడింగ్ నుంచి 14 తీసేసి, 10తో భాగించి, 2ని ఆ పవర్‌కి పెంచండి. అన్నీ కలిపి రీడింగ్‌ల సంఖ్యతో భాగిస్తే పైన చెప్పిన ‘వైన్ ఏడాది’ స్పీడ్ వస్తుంది. 1 దగ్గర ఉంటే సెటప్ ఓకే. 1.3 దాటితే డోర్ రబ్బరు చూడండి.

కరెంటు పోతే?

ఈ ప్రశ్న బెంగళూరు వాళ్ల బ్లాగుల్లో ఉండదు, మనకి ఉంటుంది. లెక్క చేద్దాం. 24 బాటిళ్లు అంటే 18 లీటర్ల వైన్, ఆపైన గాజు. మొత్తాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 80 కిలోజౌళ్లు కావాలి. బయట 40, లోపల 14 ఉన్నప్పుడు ఒక చిన్న ఫ్రిజ్ గోడల్లోంచి సుమారు 30 వాట్ల వేడి లోపలికి వస్తుందనుకోండి. గంటకు 108 కిలోజౌళ్లు. అంటే గంటకు డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ. రెండు గంటల కోతకి రెండున్నర డిగ్రీలు. ఏమీ కాదు.

ఫ్రిజ్ సగం ఖాళీగా ఉంటే మాత్రం రెండింతలు స్పీడ్‌గా వేడెక్కుతుంది. ఖాళీ జాగాలో నీళ్ల బాటిళ్లు పెట్టండి. బ్యాటరీ లేని పవర్ బ్యాంక్ అది. ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ పెట్టాలని చూడొద్దు, కంప్రెసర్ స్టార్టింగ్ కరెంటుకి చిన్న ఇన్వర్టర్ గింజుకుంటుంది. అవసరమూ లేదు. గాలివానకి రోజంతా కరెంటు పోతే డోర్ తీయకుండా ఉండండి చాలు.

ఫ్రిజ్‌ని పడమటి గోడకు ఆనించి పెట్టొద్దు, వంటింట్లో వద్దు. వెనక జానెడు ఖాళీ వదలండి. డోర్ అరల్లో వైన్ పెట్టకండి, అవి నీళ్ల బాటిళ్లకి. ఇంట్లో వాళ్లు మిగిలిన పప్పుచారు తెచ్చి ఇందులో పెట్టకుండా చూడడం మాత్రం ఏ కంట్రోలర్ వల్లా కాదు.

బాటిల్‌కి అద్దె ఎంత

పాత ఫ్రిజ్ 5,000, కంట్రోలర్, సెన్సర్, వైరింగ్ కలిపి 2,000 అనుకుందాం. 24 బాటిళ్లు. కరెంటు పాత ఫ్రిజ్ కాబట్టి ఏడాదికి 150 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 1,050. ఐదేళ్లకు మొత్తం 12,250. బాటిళ్లతో, ఏళ్లతో భాగిస్తే ఒక్కో బాటిల్‌కి ఏడాదికి దాదాపు 100 రూపాయల అద్దె.

ఈ నంబర్ గోడమీద రాసుకోండి. కోల్డ్ స్టోరేజీలో బస్తాకి అద్దె ఒకటే, లోపల మొదటి రకం కొమ్ములున్నా పుచ్చినవున్నా. ఇక్కడా అంతే. 500 రూపాయల వైన్‌ని ఐదేళ్లు దాస్తే సరుకు ఎంతో అద్దె అంత. పైగా ఆ ధరలో ఎక్కువ వైన్లు ఈ ఏడాదే తాగడానికి చేసినవి, ఐదేళ్లకి ఎదగవు, వాడిపోతాయి. అటువైపు 5,000 బాటిల్‌కి అద్దె లెక్కలోకే రాదు, కానీ షాపుకి రాకముందే ఎక్కడో ఎండ తగిలి ఉంటే పోయేది మొత్తం 5,000. నా దృష్టిలో మన సెటప్‌కి సరిపోయేది 900 నుంచి 2,000 మధ్య, మూడు నుంచి ఐదేళ్లు ఆగేవి.

అదే 20,000 పెట్టి 16 బాటిళ్ల కంప్రెసర్ కూలర్ కొన్నారనుకోండి, కరెంటు కలపకముందే ఐదేళ్లకి బాటిల్‌కి ఏడాదికి 250 అద్దె పడుతుంది. ఇక మీ ఇష్టం.

ఏం దాచాలి

ముందు దాచకూడనివి: రోజే, మామూలు వైట్లు, మెరిసే చవక వైన్లు, లేబుల్ మీద సంవత్సరం లేనివి. ఇవి కొన్న నెలలోనే తాగేయాలి. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం ఇలాంటిదే.

దాచదగ్గదానికి పులుపు, వగరు, లేదా తీపి, వీటిలో కనీసం రెండు గట్టిగా ఉండాలి. ఇండియాలో క్యాబర్నే సావిన్యాన్, షిరాజ్ ద్రాక్షలతో ఓక్ పీపాల్లో కొంతకాలం ఉంచిన రిజర్వ్ రెడ్లు మన మొదటి టార్గెట్. నందిహిల్స్ దగ్గరి గ్రోవర్ జంపా వాళ్ల లా రిజర్వ్ ఈ రెండింటి కలయిక. నాసిక్ సూలా వాళ్ల దిండోరి రిజర్వ్ షిరాజ్ ఉంది. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఇటాలియన్ అన్నదమ్ముల భాగస్వామ్యంతో మొదలైన ఫ్రాటెల్లీలో సాంజొవేసే ద్రాక్షతో చేసేవి పులుపు ఎక్కువ కాబట్టి నాకు నమ్మకం. మూడేళ్ల తర్వాత ఒకటి తీసి చూసి మిగతావాటి సంగతి నిర్ణయించండి.

మన తెలుగువాళ్ల బ్రాండ్ కూడా ఒకటుంది. హైదరాబాద్ గ్రాన్యూల్స్ ఇండియా స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కర్ణాటకలో హంపి కొండల దగ్గర క్రిష్మా ఎస్టేట్స్ ద్రాక్షతోట పెట్టారు. వాళ్ల క్యాబర్నే సావిన్యాన్ నిజంగా దాచడానికి చేసిన వైన్. మన బడ్జెట్ అంచు దాటుతుంది. 24 స్లాట్లలో ఒకటి దానికి ఇవ్వొచ్చు.

అన్నట్టు హైదరాబాద్‌కి ద్రాక్ష చరిత్ర చిన్నదేం కాదు, అనాబ్-ఎ-షాహీ ఇక్కడ పండించిందే. కానీ అది తినే ద్రాక్ష. గింజ పెద్దది, తోలు తక్కువ. వగరూ రంగూ ఉండేది తోలులో కాబట్టి వైన్ ద్రాక్ష చిన్నగా, మందంగా ఉండాలి.

తీపి వైన్లని చిన్నచూపు చూడకండి. ఆలస్యంగా కోసిన చెనిన్ బ్లాంక్‌తో చేసే లేట్ హార్వెస్ట్ వైన్లు సూలా లాంటి వాళ్ల దగ్గర ఉన్నాయి. చక్కెర, పులుపు రెండూ ఉంటాయి కాబట్టి ఓపిగ్గా ఆగుతాయి, తేనె రంగులోకి మారతాయి. నాకైతే పెట్టిన డబ్బుకి ఎక్కువ రిటర్న్ ఇచ్చేవి ఇవే.

విదేశీవాటి మీద దిగుమతి సుంకం చాలాకాలం 150 శాతం ఉండింది. 2022 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియా బాటిళ్ల మీద మెట్లుమెట్లుగా తగ్గుతోంది, కాబట్టి ఆ షిరాజ్‌ల మీద ఓ కన్నేయండి. స్పెయిన్ రియోహా లేబుల్ మీద ‘రిజర్వా’ అంటే చట్ట ప్రకారం కనీసం మూడేళ్లు, అందులో ఏడాది పీపాలో ఉండాలి. అంటే ఏజింగ్ పని సగం వాళ్లే చేసి పంపారు. మిగతా చాలా దేశాల్లో ‘రిజర్వ్’ అనే మాటకి ఫోన్ పేరు చివర ‘ప్రో’ అనే మాటకి ఉన్నంత విలువే.

ఇక వేడికి అసలు భయపడని వైన్ ఒకటుంది, మదీరా. పోర్చుగల్ వాళ్ల ద్వీపం. ఒకప్పుడు ఓడల్లో ఉష్ణమండలం దాటుతూ ఉడికిపోయిన పీపాలు రుచిగా ఉన్నాయని గమనించి, ఇప్పుడు కావాలనే 45-50 డిగ్రీల దగ్గర కనీసం మూడు నెలలు వేడిచేస్తారు. ముందే ఉడికింది కాబట్టి మన మే నెల దానికి లెక్కలేదు. ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీలో కనిపిస్తే వదలకండి. ఫ్రిజ్ లేని వాళ్లు దాచగలిగే ఒకే ఒక్క వైన్ అదేనేమో.

కొనేటప్పుడు

నవంబర్ నుంచి జనవరి మధ్య కొనండి. వైనరీ నుంచి లారీలో, అక్కడి నుంచి డిపోలో, తర్వాత షాపులో, మూడు చోట్లా ఎండ తగలొచ్చు. చలికాలంలో వచ్చిన కొత్త స్టాక్‌కి ఆ రిస్క్ తక్కువ. మనకు పసుపు తవ్వే రోజుల్లోనే, జనవరి నుంచి మార్చి మధ్య, నాసిక్‌లో ద్రాక్ష కోస్తారు. కాబట్టి లేబుల్ మీద 2024 అంటే ఆ ఏడాది మొదట్లో కోసిన ద్రాక్ష. బాటిల్‌లో నింపిన నెల కూడా ఉంటుంది. రెండు ఎండాకాలాలు షాపులోనే గడిపిన బాటిల్ వద్దు, డిస్కౌంట్ ఇచ్చినా. షోకేసులో ఉన్నది కాకుండా కేసులోంచి తీయమనండి. వేలితో మూత మీద తడమండి, బిరడా ఉబికినా, అంచు జిగటగా ఉన్నా, లెవెల్ పక్క బాటిల్ కంటే తక్కువున్నా పక్కన పెట్టేయండి. స్క్రూ క్యాప్ చూసి చవక అనుకోవద్దు. మన వేడికి ఉబికే బిరడా కంటే అదే సేఫ్, నిలబెట్టి కూడా దాచొచ్చు. బిరడా ఉన్నవి పడుకోబెట్టాలి.

నిజామాబాద్‌లో అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మన్మాడ్ దాకా వెళ్తుంది, అక్కడి నుంచి నాసిక్ పక్కనే. వెళ్లి ఒక కేసు తెచ్చుకుందాం అనిపిస్తుంది. వద్దు. పర్మిట్ లేకుండా రాష్ట్రం దాటించి మద్యం తెస్తే ఎక్సైజ్ కేసు. అలాగే ఇంట్లో ఎన్ని బాటిళ్లు ఉంచుకోవచ్చో దానికీ పరిమితి ఉంది, అది మారుతూ ఉంటుంది. ఫ్రిజ్ నింపే ముందు ఎక్సైజ్ శాఖ ప్రస్తుత రూల్ చూసుకోండి, దాన్ని బట్టే 24 స్లాట్లలో ఎన్ని వైన్‌కి, ఎన్ని నీళ్లకి అనేది తేలుతుంది. బిల్లులు పారేయొద్దు.

24 రకాలు ఒక్కోటి కొనడం కలెక్షన్‌లా కనిపిస్తుంది, దానితో నేర్చుకునేది ఏమీ ఉండదు. ఒకే వైన్, ఒకే బ్యాచ్, నాలుగు బాటిళ్లు కొనండి. ఒకటి ఇప్పుడే తాగి నోట్స్ రాయండి: రంగు, వాసన, వగరు, పులుపు, పదికి మార్కులు. రెండోది రెండేళ్లకు, మూడోది మూడేళ్లకు. మూడోదానికి మార్కులు తగ్గితే నాలుగోది ఆ వారమే తాగేయండి, పెరిగితే ఐదో ఏడు దాకా ఆపండి. ఇలా ఐదారు వైన్లు చాలు.

పాత బాటిల్ తీసే ముందు ఒకరోజు నిలబెట్టి ఉంచితే మడ్డి కిందికి దిగుతుంది. వెనకాల ఫోన్ టార్చ్ పెట్టుకుని మెల్లగా జగ్గులోకి వంచి, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి. పాతదాన్ని గంటలు గంటలు గాలికి వదలొద్దు, వాసన ఎగిరిపోతుంది. మిగిలితే మూత బిగించి మామూలు ఫ్రిజ్‌లో రెండు రోజులు.

ఇంత లెక్క చెప్పినా నమ్మకం కుదరనివాళ్లకి ఒక చవక టెస్ట్ ఉంది. ఫిబ్రవరి చివర్లో ఒకే బ్యాచ్ రెండు బాటిళ్లు కొని, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బీరువాలో బట్టల వెనక పెట్టండి. వానలు పడ్డాక జూలైలో రెండూ ఒకే టెంపరేచర్‌కి తెచ్చి, గ్లాసుల కింద స్టిక్కర్లు అంటించి, ఏది ఏదో తెలియని ఫ్రెండ్‌కి ఇవ్వండి. ఏది బీరువాదో చెప్పమనండి.